నీడకు, మందుకు ఒకే చెట్టు: తిరుపతి, చిత్తూరు నేలల్లో తాని, తెల్లమద్ది, దిరిసెన, కానుగలలో ఏది ఎంచుకోవాలి?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇంటి ముందరో మామిడి తోట గట్టునో ఒక పెద్ద చెట్టు పెంచుకోవాలనుకునేవారు సాధారణంగా రెండు కోరికలతో నర్సరీకి వెళ్తారు. ఎండాకాలంలో కింద మంచం వేసుకునేటంత నీడ ఉండాలి. బెరడో, కాయో, ఆకో ఇంటి వైద్యానికి అక్కరకు రావాలి. ఈ రెండింటికీ తగినవిగా మన వైపు ఎక్కువగా వినిపించే పేర్లు తాని, తెల్లమద్ది, దిరిసెన, కానుగ. నాలుగూ ఈ దేశపు చెట్లే, ఏటా ఆకు రాల్చి చిగిర్చేవే, ఆయుర్వేదంలో చోటున్నవే. అయితే చోటుకు తగనిదాన్ని నాటితే ఆ సంగతి పది పదిహేనేళ్ల తరువాత గానీ బయటపడదు, అప్పటికి దాన్ని కొట్టడానికి మనసూ ఒప్పదు, చట్టమూ తేలికగా ఒప్పుకోదు. కాబట్టి మొక్క కొనకముందే నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడటం మంచిది.

వేపను ఈ పోలికలో చేర్చకపోవడానికి కారణం ఉంది. ఈ పోలిక ఆకు రాల్చే చెట్లకే పరిమితం, వేప నిజానికి పూర్తిగా ఆకు రాల్చే చెట్టు కాదు. ముదిరిన ఆకును విడిచి దాదాపు వెంటనే చిగురు తొడుగుతుంది. పైగా 2021 ప్రాంతం నుంచి తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ వేప కొమ్మలు చివళ్ల నుంచి మాడిపోయే తెగులు విస్తృతంగా కనిపించింది. చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి, ఇప్పటికే పెరట్లో ఉన్న వేపను తీసివేయవలసిన పనేమీ లేదు. కొత్తగా ఒక్క చెట్టుకే చోటున్నవారు మాత్రం మిగిలిన పేర్లను కూడా ఆలోచించడం మేలు. రావి సంగతి వేరు. రచ్చకట్ట మీద, గుడి ముందర దానికి మించిన చెట్టు లేదు గాని, గోడకు దగ్గరగా నాటితే వేళ్లు పునాదిలోకి దారి వెతుక్కుంటాయి, ఒకసారి పసుపు కుంకుమ పడిన తరువాత దాని మీద గొడ్డలి వేసే మనిషి దొరకడు.

ముందుగా చూడవలసినది ఆకు రాలే నెల

ఆకు రాల్చే చెట్టును నీడ కోసం ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసినది అది ఏ నెలలో బోడిగా నిలబడుతుందన్నది. మన ప్రాంతానికి, ముఖ్యంగా తూర్పు భాగానికి, పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. సంక్రాంతి దాటిన తరువాత నేలలోని తేమ తగ్గుతూ పోతుంది, ఆకుల ద్వారా ఆవిరయ్యే నీటిని ఆదా చేసుకోవడానికి చెట్లు ఆకు విడుస్తాయి. ఫిబ్రవరి నెలాఖరులో అలిపిరి నుంచి శేషాచలం వైపు చూస్తే అంతవరకు పచ్చదనం వెనుక దాగిన బండలు బయటపడి, కొండ వాలంతా పలచగా కనిపించడానికి ఇదే కారణం. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అప్పటికి చెట్టు మళ్లీ ఆకు తొడిగిందా లేదా అన్న దాని మీదే దాని నీడ విలువ ఆధారపడి ఉంటుంది.

ఈ లెక్కలో కానుగకు సాటి లేదు. అది ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు విడిచినా కొన్ని వారాలలోనే లేత చిగురుతో నిండిపోతుంది, ఉగాది దాటేసరికి నీడ చిక్కబడుతుంది. తెల్లమద్ది కొద్దికొద్దిగా ఆకు రాలుస్తుంది. వేళ్లకు నీరు అందుతున్న చోట అది పూర్తిగా బోడి కావడం అరుదు. తాని ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఖాళీగా ఉండి, ఆ తరువాత రాగి రంగు చిగురు తొడిగి, మే నాటికి పూర్తి గొడుగు పడుతుంది. దిరిసెన మాత్రం చలికాలంలోనే ఆకు రాల్చి, ఎండిన కాయలు గాలికి గలగలమంటుండగా నెలల తరబడి అలాగే నిలబడుతుంది, ఏప్రిల్‌లో గాని తేరుకోదు. మార్చి నెల ఎండ కూడా భరించలేని చోట, ఉదాహరణకు రేకుల కప్పుకు పడమటి పక్క, ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఎర్రపూల బూరుగను ఇష్టపడేవారు ఉన్నారు. పూత సమయంలో అది చూడ ముచ్చటైనదే గాని, అప్పుడు దాని మీద ఆకు ఉండదు.

చెట్టును ఇంటికి ఏ దిక్కున నాటాలన్నది కూడా ఇక్కడే చెప్పాలి. తిరుపతి ఉన్న అక్షాంశానికి సూర్యుడు ఏప్రిల్ చివరి వారంలో నడినెత్తిన ఉంటాడు. మే, జూన్ నెలల్లో కొంచెం ఉత్తరానికి జరిగి, పడమటికి కాస్త ఉత్తరంగా అస్తమిస్తాడు. కాబట్టి ఎండాకాలపు సాయంత్రాల్లో ఇంటి గోడ కాలకుండా ఉండాలంటే చెట్టు పడమటి దిక్కున, వాయవ్యం వైపు మొగ్గుతూ ఉండాలి. పెద్ద చెట్లు దక్షిణ, పశ్చిమ దిక్కుల్లో ఉండాలని వాస్తు చెప్పేవారు అనే మాట పడమర విషయంలో ఈ లెక్కకు చక్కగా సరిపోతుంది. దక్షిణం వైపు నాటిన చెట్టు మాత్రం ఎండాకాలంలో గోడకు పెద్దగా నీడనివ్వదు. శీతాకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు అవసరం లేని నీడనిస్తుంది.

నేల, నీరు

రెండు జిల్లాల పేర్లు కలిపి చెప్పినా నేల ఒక్కటి కాదు. తిరుపతి సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే పలమనేరు 680 మీటర్లకు పైన ఉంది. పలమనేరు, కుప్పం వైపు వేసవి కాస్త చల్లగా ఉంటుంది, నైరుతి వానలకు కూడా ప్రాధాన్యం ఎక్కువ. అక్కడ జూలై, ఆగస్టు నెలల్లో నాటిన మొక్క రెండు రుతువుల వానలూ అందుకుంటుంది. శ్రీకాళహస్తి, సత్యవేడు, తిరుపతి వైపు మాత్రం సెప్టెంబరులో నాటి, నవంబరు తుపానులు వచ్చేలోగా మొక్క వేళ్లు పట్టుకునేలా చూడటం మంచిది. తుపాను వానలో నాటిన మొక్క పాదులో నీరు నిలిచి కుళ్లిపోవడం మామూలే.

2021 నవంబరులో తిరుపతిలోనూ స్వర్ణముఖి పరీవాహకంలోనూ వచ్చిన వరదలు ఒక సంగతిని గుర్తు చేశాయి: ఏడాదిలో తొమ్మిది నెలలు పొడిగా ఉండే స్థలం కూడా పది రోజులు నీటిలో మునగవచ్చు. అటువంటి పల్లపు స్థలానికి తెల్లమద్ది సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అది పుట్టుకతో ఏటి ఒడ్డు చెట్టు. కానుగ కూడా కొంతకాలం నీటిని తట్టుకుంటుంది, కాస్త చౌడు ఉన్నా ఓర్చుకుంటుంది. తానికి నిలువ నీరు గిట్టదు. అది నీరు ఇంకిపోయే ఎర్ర గరుసు నేలలో, కొండ వాలులో, తల్లివేరు లోతుకు పోగల చోట బాగుంటుంది. దిరిసెన పేద నేలలో కూడా పెరుగుతుంది, పప్పుజాతి చెట్టు కనుక నత్రజనిని నేలకు చేరుస్తుంది. కాని దాని వేళ్లు ఎక్కువగా పైపైనే పాకుతాయి. నేల బాగా నాని, ఆపై ఈదురు గాలి వీచిన రాత్రి నాలుగింటిలో ముందు ఒరిగేది అదే. అరుగు పక్కన, కరెంటు తీగల కింద, కారు నిలిపే చోట దిరిసెన వద్దని చెప్పడానికి నాకు సంకోచం లేదు. రోడ్ల వెంట గొడుగులా పరుచుకునే నిద్రగన్నేరు విషయంలో కూడా ఇదే మాట. అది త్వరగా నీడ ఇస్తుంది గాని, దక్షిణ అమెరికా నుంచి తెచ్చినది, కొమ్మ విరిగి పడే గుణం ఉన్నది, మన వైద్యంలో దానికి చెప్పుకోదగిన చోటూ లేదు.

తాని

నాలుగింటిలో రాజసం తానిదే. మంచి నేలలో 20 నుంచి 30 మీటర్ల వరకు ఎదుగుతుంది, ఆకులు కొమ్మల చివర గుత్తులుగా ఉంటాయి, పెద్ద చెట్టు మొదట్లో కాండం పక్కకు పలకలు తేలుతుంది. ఎదిగిన తాని గొడుగు 12 నుంచి 15 మీటర్ల అడ్డుకొలతకు చేరుకుంటుందనుకుంటే, దాని నీడ ఒక్కటే సుమారు మూడు నుంచి నాలుగున్నర సెంట్లు ఆక్రమిస్తుంది. పట్టణంలోని ఇంటి స్థలాలు చాలావరకు అంతే ఉంటాయి కనుక తాని ఇంటి చెట్టు కాదని వేరే చెప్పనక్కరలేదు. పొలంలో, బావి దగ్గర, కల్లం పక్కన, పశువులు కట్టే చోట అది తనకు తగిన పరిమాణానికి పెరుగుతుంది.

ఇంటికి దూరంగా ఉంచడానికి మరో కారణం దాని పూత. మార్చి చివర నుంచి మే వరకు చిగురుతో పాటు వచ్చే పసుపుపచ్చని కంకులు చూడటానికి సాదాగా ఉంటాయి, వాసన మాత్రం ఘాటుగా, చాలామందికి కంపుగా తోస్తుంది. పడకగది కిటికీ పక్కన దీన్ని భరించడం కష్టం. పెద్దవాళ్లు చెప్పే అభ్యంతరం ఇంకొకటి ఉంది: నలుణ్ణి విడిచిన కలిపురుషుడు తానిచెట్టును ఆశ్రయించాడన్న కథ వల్ల దానికి కలిద్రుమమన్న పేరు వచ్చింది, అందుకే కొందరు దాని నీడన కూర్చోరు. వేదకాలంలో జూదానికి పాచికలుగా వాడినవి కూడా తానికాయ గింజలే. ఈ నమ్మకం ఉన్న ఇంట్లో పెద్దలతో వాదించి నాటడం కన్నా పొలంలో నాటుకోవడం సుఖం.

మందుగా తానికి ఉన్న స్థానం మాత్రం గట్టిది. కరక, తాని, ఉసిరి కలిస్తే త్రిఫలం. మూడింటి పొడులనూ సమపాళ్లలో కలపడం ఒక పద్ధతి. ఒక కరక్కాయకు రెండు తానికాయలు, నాలుగు ఉసిరికాయలు చొప్పున కలపడం మరొక పద్ధతి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పండి రాలే కాయ చిన్న నిమ్మకాయ పరిమాణంలో, బూడిద రంగు నూగుతో, సన్నని అయిదు గీతలతో ఉంటుంది. ఎండిన తరువాత పైనున్న పెచ్చు మాత్రమే మందు. ఆ పెచ్చు ముక్కను నిప్పు మీద కాస్త వేయించి, బుగ్గన పెట్టుకొని, ఊరే రసం మింగుతూ ఉంటే గొంతు గరగర, పొడి దగ్గు తగ్గుతాయని మన పల్లెల్లో అందరికీ తెలుసు. పచ్చికాయ విరేచనకారి, బాగా పండి ఎండిన కాయ విరేచనాలను కట్టేది; ఈ రెండింటినీ కలగాపులగం చేయకూడదు. గింజ లోపలి పప్పు మత్తు కలిగిస్తుంది కనుక చెట్టు కింద ఆడుకునే పిల్లలు దాన్ని పగలగొట్టి తినకుండా చూడాలి. గర్భిణులు త్రిఫలాన్ని వైద్యుని మాట లేకుండా వాడకూడదు.

విత్తనం నుంచి పెంచాలంటే పెచ్చు తీసిన గింజను ఒకటి రెండు రోజులు నీళ్లలో నానబెట్టి సంచిలో పెట్టాలి. మొలక రావడానికి నెల దాకా పట్టవచ్చు. అంతలోపు ఎలుకలు, ఉడుతలు గింజను తవ్వుకుపోతాయి కాబట్టి పైన సన్నని ఇనుప వల కప్పి ఉంచాలి. అంటు మొక్కలు కూడా దొరుకుతాయి, అవి త్వరగా కాస్తాయి గాని పొట్టిగా పక్కలకు పోతాయి. నీడ కోరేవారు విత్తనపు మొక్కనే తీసుకోవాలి, కాయ కోసం పదేళ్లు ఆగే ఓపిక ఉండాలి. త్రిఫలంలో కరకను ఎందుకు వదిలేశారని అడగవచ్చు. కరక మన అడవుల్లో ఉన్నదే, కాని నిదానంగా పెరుగుతుంది, నీడ పలచన. మందు మొక్కగా మంచిదే గాని నీడ చెట్టుగా తానికి సాటి రాదు.

తెల్లమద్ది

మద్దిని కొనేటప్పుడు మొదటి జాగ్రత్త అది నిజంగా తెల్లమద్దేనా అని చూసుకోవడం. నల్లమద్ది కూడా ఇదే కుటుంబానికి చెందినది, రెండింటి కాయలకూ అయిదు రెక్కలు ఉంటాయి, కాబట్టి కాయను చూసి పోల్చుకోవడం కష్టం. ముదిరిన చెట్టు బెరడు చూస్తే అనుమానం తీరిపోతుంది: నల్లమద్ది బెరడు మొసలి వీపులా నల్లగా పగుళ్లు బారి ఉంటుంది, తెల్లమద్ది బెరడు నునుపుగా, బూడిద తెలుపు రంగులో, పెద్ద పలచని పెచ్చులుగా ఊడుతూ, ఊడిన చోట లేత గులాబీ రంగు కనిపిస్తూ ఉంటుంది. మొక్క దశలో ఈ తేడా తెలియదు కనుక, విత్తనం ఏ చెట్టు నుంచి తెచ్చారో చెప్పగలిగిన నర్సరీ నుంచే కొనాలి, టెర్మినేలియా అర్జున అన్న శాస్త్రీయ నామంతో అడగాలి.

చెరువు కట్ట కింద, కాలువ గట్టున, డ్రిప్పు గొట్టం చివర నీరు కారే పల్లంలో, స్నానాల గది నీళ్లు పోయే చోట మద్ది హాయిగా ఎదుగుతుంది. మెట్ట నేలలో బతకదని కాదు, బతుకుతుంది. కాని ఎదుగుదల మందగిస్తుంది, ఆకు ఎక్కువగా రాలుతుంది, మనం కోరిన నీడ ఆలస్యమవుతుంది. బోరు నీటిని లెక్కపెట్టి వాడే పొలంలో మద్దికి నీరు పోయడం కన్నా తానికో కానుగకో పోయడం తెలివైన పని. కాండం చాలా లావవుతుంది, మొదట్లో పలకలు తేలుతుంది, కొమ్మలు కిందికి వాలుతాయి. మనుషులు కింద నడవాలంటే మొదటి నాలుగైదేళ్లు దిగువ కొమ్మలను ఏటా కత్తిరిస్తూ పోవాలి. మేకలు దీని ఆకును ఇష్టంగా తింటాయి. సర్కారు తుమ్మ కంప చుట్టూ కట్టకపోతే మూడో ఏట కూడా మోకాలెత్తే ఉంటుంది.

వైద్యంలో మద్ది పేరు గుండెతో ముడిపడి ఉంది. ఆయుర్వేదంలో దీని బెరడును పాలతో కాచే క్షీరపాకం ప్రసిద్ధం: బెరడు పొడి ఒక వంతు, పాలు ఎనిమిది వంతులు, నీళ్లు ముప్పై రెండు వంతులు కలిపి, నీరంతా ఇగిరి పాలు మిగిలే వరకు సన్న సెగ మీద కాస్తారు. అర్జునారిష్టానికి ప్రధాన ద్రవ్యం కూడా ఈ బెరడే. పొడిగా అయితే వైద్యులు సాధారణంగా రోజుకు 3 నుంచి 6 గ్రాములు చెబుతారు. గుండె పనితీరుపై దీని ప్రభావం గురించి చిన్న స్థాయి పరిశోధనలు జరిగిన మాట నిజం, కాని ఆసుపత్రి మందులు మానేసి మద్ది చెక్క తాగమని చెప్పగలిగిన ఆధారం ఏదీ లేదు. రక్తపోటుకో, రక్తం పలచబడటానికో మాత్రలు వాడుతున్నవారు తమ గుండె వైద్యునికి చెప్పకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. ఛాతీ నొప్పి వచ్చిన రోజు చేయవలసిన పని కషాయం కాచడం కాదు, స్విమ్స్ వంటి ఆసుపత్రికి వెంటనే చేరడం. తీరికగా సలహా అడగడానికైతే తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానాల ఆయుర్వేద కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి.

బెరడు తీసే పద్ధతి తెలియక చెట్టును చంపుకునేవారు ఎక్కువ. కాండం చుట్టూ వలయంగా బెరడు ఒలిస్తే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు చేరక చెట్టు ఎండిపోతుంది. పది పదిహేనేళ్లు నిండిన చెట్టు నుంచి, కాండానికి ఒక పక్క మాత్రమే, నిలువు పట్టీగా, పైపొరను, మధ్యపొరను తీసి, లోపలి పొరను వదిలేయాలి. అలా వదిలిన చోట బెరడు మళ్లీ కడుతుంది. తరువాతిసారి తీయవలసి వస్తే ఎదుటి పక్క నుంచి తీయాలి. ఇంటి అవసరానికి ఇంత శ్రమ ఎందుకంటే, కత్తిరించిన పక్క కొమ్మల బెరడుతో సరిపెట్టుకోవచ్చు.

దిరిసెన

త్వరగా నీడ కావలసినవారికి దిరిసెన నచ్చుతుంది. మంచి నేలలో నాలుగైదేళ్లకే పశువు నిలబడే నీడ ఇస్తుంది, ఆకు మేపుకు పనికివస్తుంది, సాయంత్రం పూట దాని పూల పరిమళం చాలా దూరం వస్తుంది. గింజ పెచ్చు గట్టిది కనుక మరిగిన నీళ్లలో వేసి, చల్లారనిచ్చి, ఒక రాత్రంతా నానబెట్టి విత్తాలి. దీని లోపాలు ముందే చెప్పాను. పశువుల పాకకు, పొలం గట్టుకు తప్ప దీన్ని మరెక్కడికీ సిఫారసు చేయను.

మందు విషయంలో ఒక్క హెచ్చరిక చాలు, ఎందుకంటే ప్రాణాల మీదికి వచ్చేది అదొక్కటే. విషాన్ని హరించే ద్రవ్యాలలో శిరీషం, అంటే దిరిసెన, శ్రేష్ఠమని చరక సంహిత చెబుతుంది. ఆ మాటను పట్టుకొని పాము కాటుకు దిరిసెన చెక్క నూరి పట్టించే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా పోలేదు. వేరుశనగ చేలో పాము కరిస్తే కాలు కదపకుండా ఉంచి, 108కి ఫోను చేసి, పాము విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి, తిరుపతిలో అయితే రుయాకు, చేర్చడమే దారి. చర్మపు దురదలకు, చిగుళ్ల వాపుకు దీని బెరడును వాడే సంప్రదాయం వేరు. శిరీషారిష్టాన్ని కూడా వైద్యుని సలహాతో వాడుకోవచ్చు.

కానుగ

కానుగను చిన్నచూపు చూడటం మనకు అలవాటు. రోడ్డు పక్కన ఊరికే దొరికే చెట్టు గదా, డబ్బిచ్చి ఎందుకు నాటాలని అంటారు. ఆ రోడ్డు పక్కన నీరు పోసేవారు లేకుండా, మట్టి మీద తారు పడి, ఏటా కొమ్మలు నరికించుకుంటూ కూడా అది పచ్చగా ఉందంటే దాని ఓర్పు ఎంతటిదో తెలుస్తుంది. సాధారణంగా 12 నుంచి 15 మీటర్ల లోపే ఎదుగుతుంది, గొడుగు గుండ్రంగా ఒత్తుగా ఉంటుంది, మేకలూ పశువులూ పెద్దగా ముట్టవు కనుక కంప కట్టకపోయినా బతుకుతుంది. గోడకు నాలుగైదు మీటర్ల దూరం ఉంటే సరిపోతుంది. మిగిలిన మూడింటికి కనీసం పది మీటర్లు వదలాలి. మూడు నాలుగు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్నవారికి ఈ నాలుగింటిలో వేరే ఎంపిక లేదనే చెప్పాలి.

దీనికీ చిక్కులున్నాయి. ఆకుల మీద పురుగు వల్ల బుడిపెలు, తెల్లని చారలు వస్తాయి. చూడటానికి బాగుండదు గాని చెట్టుకు ప్రమాదం లేదు. పూత రాలినప్పుడు వాకిలంతా లేత ఊదా తెలుపు రంగు పరుచుకుంటుంది, ఆ తరువాత కాయలు రాలతాయి, రోజూ ఊడవక తప్పదు. పూతకు తేనెటీగలు ముసురుతాయి. కొమ్మలు కిందనుంచే విడుస్తుంది కాబట్టి ఒకే మానుగా పెంచాలంటే మొదటి మూడేళ్లు కత్తెర చేతిలో ఉండాలి.

కానుగ నూనెను గజ్జి, తామర, మొండి దురదలకు పైపూతగా వాడటం చాలా పాత పద్ధతి. కొందరు అందులో నిమ్మరసమో కర్పూరమో కలుపుతారు. పుల్లతో పళ్లు తోముకోవడం ఇప్పటికీ పల్లెల్లో ఉంది. గింజగాని నూనెగాని కడుపులోకి తీసుకోకూడదు. మందుగా దాని పరిధి అంతవరకే. తానికి, మద్దికి ఉన్నంత పేరు దానికి లేదు. రైతుకు మాత్రం మరో లాభం ఉంది: ఆకు వరి మడిలో పచ్చిరొట్టగా, నూనె తీసిన గింజల పిండి ఎరువుగా, నూనె పురుగుల మందుగా పనికివస్తాయి. పొలం గట్టున రెండు కానుగలుంటే ఏటా కొంత ఎరువు ఖర్చు తప్పుతుంది.

మొక్క కొనేటప్పుడు, నాటేటప్పుడు

నర్సరీలో పొడుగాటి మొక్కను చూసి మురిసిపోకూడదు. సంచి అడుగును వేలితో నొక్కి చూడాలి. తల్లివేరు అడుగున చుట్ట చుట్టుకొని గట్టి ముద్దలా తగిలితే ఆ మొక్కను వదిలేయాలి. చుట్టుకున్న వేరు నేలలో నాటిన తరువాత కూడా తిన్నబడదు, పదేళ్ల తరువాత పెద్ద గాలికి చెట్టు మొదలంటా ఒరగడానికి ఇదే కారణమవుతుంది. తాని, మద్ది విషయంలో ఇది మరీ ముఖ్యం. మూడడుగుల కన్నా ఎత్తు లేని, కాండం పెన్సిలంత లావున్న, ఏడాది వయసు మొక్క అన్ని విధాలా మేలు.

గుంటను ఎండాకాలంలోనే తవ్వి ఎండనివ్వాలి. మామూలు నేలలో రెండడుగుల గుంట చాలు. గరుసు, రాయి తగిలే చోట మీటరు లోతు, మీటరు వెడల్పు ఉండాలి, లేకపోతే వేరు అక్కడే ఆగిపోతుంది. పైమట్టిని, మాగిన పశువుల ఎరువును కలిపి నింపాలి. ఎర్ర నేలలో చెదలు ఎక్కువ కనుక కొంచెం వేపపిండి కూడా వేయాలి. మొదటి మూడు ఎండాకాలాలు వారానికి ఒకటి రెండుసార్లు నిండుగా నీరు పెట్టాలి. రోజూ చెంబెడు పోయడం వల్ల వేర్లు పైకే వస్తాయి, దాని కన్నా వారానికి ఒకసారి బిందెలతో పోయడం మంచిది.

స్థలాన్ని బట్టి నిర్ణయం

చిన్న ఇంటి స్థలమైతే కానుగ. నీరు చేరే పల్లం, చెరువు కట్ట, కాలువ గట్టు అయితే తెల్లమద్ది. పొలంలో మెట్ట నేల, తగినంత విశాలం, ఆగే ఓపిక ఉంటే తాని. నేల, విశాలం, ఓపిక మూడూ కుదిరినవారికి నేను ఎప్పుడూ తానినే చెబుతాను, ఎందుకంటే నీడా మందూ రెండూ నిండుగా ఇచ్చేది అదే. ఎర్రచందనాన్ని నీడ కోసం నాటవచ్చా అని కొందరు అడుగుతారు. అది మన శేషాచలం సొత్తే, కాని నెమ్మదిగా, నిటారుగా పెరుగుతుంది, నీడ తక్కువ. నరకడానికి, అమ్మడానికి అనుమతుల భారం ఎక్కువ.

అర ఎకరమో అంతకన్నా ఎక్కువో ఉన్నవారు రెండు చెట్లను జతగా ఆలోచించవచ్చు: కూర్చునే చోటికి పడమట అయిదు మీటర్ల దూరంలో కానుగ, దాని వెనుక మరో పదిహేను మీటర్ల దూరంలో తాని. కానుగ నీడ ముందుగా అందుతుంది, తాని ఎదిగేలోగా ఎండకు ఆగవలసిన పని ఉండదు. తరువాత కానుగను తీసివేయవచ్చుగదా అన్న ఆలోచనతో రెండింటినీ దగ్గరగా మాత్రం నాటకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి సాధారణంగా ముందు అనుమతి కావాలి, అది సొంత పొలంలోని చెట్టయినా సరే. పదిహేను మీటర్ల దూరం ముందే వదిలితే ఆ అవసరమే రాదు.